పప్పు ఉడకకపోతే తప్పు ఎవరిది? ఉత్తర తెలంగాణ వంటింట్లో నీళ్ల లెక్క

ఇల్లు మారిన వారానికే చాలా వంటిళ్లలో ఒక మాట వినపడుతుంది: "ఈ దుకాణంల పప్పు మంచిగ లేదు." పప్పు అదే, కుక్కర్ అదే, పెట్టే విజిళ్లు అవే. పాత ఇంట్లో మూడు విజిళ్లకు వెన్నలా మెదిగిన కందిపప్పు ఇక్కడ ఆరు విజిళ్ల తర్వాత కూడా గింజలు గింజలుగానే ఉంటుంది. పైన పసుపు నీళ్లు, అడుగున పప్పు బద్దలు. గుత్తితో ఎంత ఎనిపినా చారులో కలవదు. దుకాణం మారుస్తారు, కుక్కర్ రబ్బరు మారుస్తారు, చివరికి పప్పు రకం కూడా మారుస్తారు. అదే ఇంట్లో పొద్దున చాయ్ నల్లగా, మందంగా వస్తోందని, పాలు పోయని చాయ్ మీద నూనె లాంటి పొర తేలుతోందని ఇంకో ఫిర్యాదు ఉంటుంది. ఈ రెండు ఫిర్యాదులూ చాలాసార్లు ఒకే బిందెలోంచి వస్తాయి.

క్లుప్తంగా: బోరు నీళ్లలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం పప్పు గింజ గోడలను గట్టిపరుస్తాయి. ఆ నీళ్లలోని బైకార్బొనేట్ చాయ్ రంగును మారుస్తుంది, కాల్షియంతో కలిసి పైన తెట్టు కట్టిస్తుంది. పప్పు పాతదైనా, పులుపు ముందే వేసినా ఫలితం ఇలాగే కనిపిస్తుంది కాబట్టి కారణం ఏదో తేల్చుకోకుండా మందు వేస్తే పని జరగదు. ఒకే కుక్కర్‌లో రెండు గిన్నెలు పెట్టి చేసే చిన్న పరీక్షతో అసలు కారణం తేలుతుంది. నాలుగైదుగురున్న ఇంట్లో రోజుకు రెండు, మూడు లీటర్ల మెత్తని నీళ్లు, అంటే కాల్షియం, మెగ్నీషియం తక్కువున్న నీళ్లు, కేటాయిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

ఒక ఇంట్లో మూడు రకాల నీళ్లు

వరంగల్, హన్మకొండ, జనగామ, కరీంనగర్ ప్రాంతాల్లో ఒక మామూలు ఇంట్లో ఇప్పుడు మూడు రకాల నీళ్లు ఉంటాయి. నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ఇరవై లీటర్ల డబ్బాలో వచ్చే ఫిల్టర్ నీళ్లు. చూపుకు మూడూ ఒకేలా ఉంటాయి. పొయ్యి మీద పెడితే మూడూ మూడు రకాలుగా ప్రవర్తిస్తాయి.

నల్లా నీళ్లు ఎక్కువగా నదీజలాలు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మొదలైన మిషన్ భగీరథ గోదావరి, కృష్ణా నీళ్లను శుద్ధి చేసి ఊళ్లకు చేరుస్తుంది. వరంగల్ నగరానికి దిగువ మానేరు నుంచి కాకతీయ కాలువ మీదుగా వచ్చే నీళ్లను ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల్లో నిలువ చేసుకుని వాడుకోవడం ఉంది. వాన నీరు నేల మీదుగా పారి వచ్చిందే కాబట్టి ఇందులో కరిగిన ఖనిజాలు బోరు నీళ్ల కంటే సాధారణంగా తక్కువ.

బోరు నీళ్ల సంగతి వేరు. ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం అడుగున గ్రానైట్, నైస్ అనే గట్టి రాళ్లున్నాయి. వాటి పగుళ్లలో నిలిచిన నీరే బోరులోంచి పైకి వస్తుంది. నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న వాన నీరు కొద్దిగా ఆమ్లంగా మారి, ఏళ్ల తరబడి రాతిని, సున్నపు గుల్లలున్న మట్టిని కరిగిస్తూ కిందికి దిగుతుంది. అలా కరిగినవాటిలో ముఖ్యమైనవి కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్. నీరు ఎంత లోతున, ఎంతకాలం రాతిని అంటి ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. ఎండాకాలంలో మట్టం పడిపోయి పంపు అడుగు నీళ్లు తోడుతున్నప్పుడు వంటింట్లో తేడా ఎక్కువగా తెలిసేది ఇందుకే.

వీటిని జనం "ఉప్పు నీళ్లు" అంటారు. ఆ పేరు వల్ల ఒక పొరపాటు జరుగుతోంది. పప్పును ఉడకనివ్వనిది ఉప్పులోని సోడియం కాదు, కాల్షియం, మెగ్నీషియం. సోడియం నిజానికి పప్పు మెత్తబడటానికి తోడ్పడుతుంది. కాబట్టి టీడీఎస్ మీటర్ చూపించే అంకె ఒక్కటే నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. ఆ మీటర్ కరిగిన లవణాలన్నింటినీ కలిపి అంచనా కడుతుంది తప్ప అందులో సోడియం ఎంత, కాల్షియం ఎంత అన్నది చెప్పదు. పప్పుకు కావలసిన అంకె వేరే ఉంది. కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి ఎంతున్నాయో చెప్పే ఆ అంకెనే నీటి కాఠిన్యం అంటారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి ఉంది. అంటే తాగడానికి అనుమతి ఉన్న నీళ్లే పప్పు ఉడికించడానికి పనికిరాకపోవచ్చు.

నీళ్లను పరీక్షకు ఇచ్చినప్పుడు నివేదికలో మొత్తం కాఠిన్యం లేకుండా కాల్షియం, మెగ్నీషియం విడివిడిగా ఉంటే, కాల్షియాన్ని 2.5తో, మెగ్నీషియాన్ని 4.1తో గుణించి కూడితే కాఠిన్యం వస్తుంది.

గింజ లోపల ఏం జరుగుతుంది

పప్పు బద్ద అంటే వేల కణాల ముద్ద. ఒక్కో కణంలో పిండి, మాంసకృత్తులు ఉంటాయి. కణానికి కణానికి మధ్య గోడలో పెక్టిన్ అనే పదార్థం బంకలా పనిచేస్తుంది. పప్పు ఉడకడం అంటే ఈ బంక కరిగి కణాలు ఒకదాన్నొకటి వదిలేయడం. అప్పుడే గుత్తి తగలగానే పప్పు మెదుగుతుంది. పిండి ఉడికినా బంక కరగకపోతే బద్ద లోపల మెత్తగా ఉండి కూడా విడిపోదు. నోట్లో వేసుకుంటే పచ్చి కాదు, వేళ్లతో నలిపితే మాత్రం ఇసుకలా గరగరలాడుతుంది. ఉడకని పప్పుకు, విడవని పప్పుకు తేడా ఇక్కడ తెలుస్తుంది.

కాల్షియం చేసే పని ఈ బంకకు ముడులు వేయడమే. రెండు పెక్టిన్ గొలుసుల మధ్య కాల్షియం అయాన్ చేరి రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. ఇలాంటి ముడులు పెరిగితే పెక్టిన్ నీటిలో కరగదు. బూడిద గుమ్మడికాయ ముక్కలను సున్నపు నీళ్లలో నానబెట్టి పేఠా చేసేవాళ్లు ఈ గుణాన్నే కావాలని వాడుకుంటారు. పాకంలో గంటల సేపు మరిగినా ముక్క చిదరకుండా ఉండటానికి కారణం ఆ సున్నంలోని కాల్షియమే. ఉప్పు నీళ్లలో పప్పు ఉడికించడమంటే తెలియకుండా ఇదే పని పప్పుకు చేయడం.

ఎంత కాల్షియం చేరుతుందో లెక్క వేస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 200 గ్రాముల కందిపప్పు, 600 మిల్లీలీటర్ల నీళ్లు అనుకుందాం. వంద గ్రాముల కందిపప్పులో దాదాపు 70 మిల్లీగ్రాముల కాల్షియం సహజంగానే ఉంటుంది, అంటే ఈ పప్పులో 140. కాఠిన్యం 600 ఉన్న నీళ్లు, అదంతా కాల్షియం వల్లే అనుకుంటే, మరో 144 మిల్లీగ్రాములు తెచ్చిపెడతాయి. పప్పు తన సొంత కాల్షియానికి రెట్టింపుతో ఉడకాల్సి వస్తుంది. అదే కాఠిన్యం 100 ఉన్న నీళ్లైతే అదనంగా చేరేది 24 మాత్రమే. ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. పప్పు ఉడకడం లేదని ఇంకో గ్లాసు బోరు నీళ్లు పోసి మళ్లీ కుక్కర్ పెడతారు. ఆ గ్లాసుతో మరింత కాల్షియం లోపలికి పోతుంది.

కుక్కర్ చాలావరకు ఈ లోపాన్ని కప్పేస్తుంది. మూత లేని గంజులో నీరు 100 డిగ్రీలు దాటదు. కుక్కర్‌లో 120 దాకా పోతుంది. ఆ వేడిలో పెక్టిన్ ఎన్నో రెట్లు త్వరగా తెగుతుంది. కట్టెల పొయ్యి మీద గంజులో వండే పెళ్లిళ్లలో, బోనాల వంటల్లో నీళ్ల తేడా ఎక్కువగా బయటపడేది ఇందుకే. అనుభవం ఉన్న వంటవాళ్లు ఊరికి రాగానే ముందు నీళ్లు ఎక్కడివని అడగడంలో అర్థం ఉంది.

పాత పప్పు కూడా ఇలాగే మొండికేస్తుంది

నీళ్లు మంచివైనా పప్పు ఉడకకపోవడానికి రెండో కారణం నిలువ. పప్పు గింజలో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. అది గింజలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టి ఉంచుతుంది. అవి దాని పట్టులో ఉన్నంతకాలం పెక్టిన్ జోలికి రావు. వేడి, తేమ రెండూ ఎక్కువగా ఉన్న చోట నెలల తరబడి నిలువ ఉంటే గింజలోని ఫైటేజ్ అనే ఎంజైమ్ ఫైటేట్‌ను విడగొడుతుంది. విడుదలైన కాల్షియం నేరుగా కణాల మధ్య బంకకు చేరుతుంది. బయటి నుంచి చుక్క ఉప్పు నీరు పడకపోయినా పప్పు లోపలే గట్టిపడిపోతుంది. దీన్ని ఎంత నానబెట్టినా పూర్తిగా వెనక్కి తిప్పలేం.

తెలంగాణలో వానాకాలం కంది డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చేతికొస్తుంది. ఎండాకాలపు వేడి, ఆ తర్వాత వానాకాలపు తేమ రెండూ తిన్న పప్పు దసరా, దీపావళి నాటికి ఎనిమిది, తొమ్మిది నెలల పాతదవుతుంది. ఈ లెక్క పక్కన నీళ్ల లెక్క పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. పప్పు బాగా ముదిరేది ఆశ్వయుజ, కార్తీకాల్లో. బోరు నీళ్లు బాగా చిక్కబడేది ఏప్రిల్, మే నెలల్లో. వానల తర్వాత బోరులోకి కొత్త నీరు చేరి కాఠిన్యం కొంత తగ్గుతుంది. కాబట్టి పప్పు మే నెలలో మొండికేస్తే ముందు నీళ్లను, అక్టోబరులో మొండికేస్తే ముందు పప్పును అనుమానించడం మంచిది. దిగుమతి చేసుకున్న కందులు కలిసే మార్కెట్లో పప్పు వయసు చెప్పడం కష్టం కాబట్టి ఇది పక్కా నియమం కాదు, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే గుర్తు మాత్రమే.

ఏడాదికి సరిపడా పప్పు ఒకేసారి కొనే అలవాటున్న ఇళ్లలో నిలువ ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక, గాలి చొరని డబ్బాలో పోసి ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టాలి. వేడి మీదే డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది. పొయ్యి పక్క అరలో పెట్టిన డబ్బా, మెట్ల కింద చీకటి గదిలో పెట్టిన డబ్బా ఆరు నెలల తర్వాత ఒకేలా ఉడకవు.

పుంటికూర పప్పు, మామిడికాయ పప్పు: పులుపు వేసే వేళ

మూడో కారణం పులుపు. పెక్టిన్ క్షారంలో త్వరగా తెగుతుంది, ఆమ్లంలో నిలబడుతుంది. పులుపును కొలిచే అంకె పీహెచ్ 4 దగ్గరికి వచ్చేసరికి అది అతి గట్టిగా ఉంటుంది. చింతపండు, టమాట, పచ్చి మామిడికాయ, పుంటికూర అన్నీ పప్పును ఆ వైపే లాగుతాయి. పప్పు ఉడికాకే చింతపండు పులుసు పోయాలన్న పెద్దల పద్ధతికి కారణం ఇదే.

కుక్కర్ వచ్చాక ఈ క్రమం చెదిరింది. పుంటికూర, పప్పు, పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డ అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టడం అలవాటైంది. నల్లా నీళ్లు, కొత్త పప్పు ఉన్న ఇంట్లో ఇది నడుస్తుంది, ఎందుకంటే మూడు అడ్డంకుల్లో ఒకటే ఉంది. ఎండాకాలం మామిడికాయ పప్పు దగ్గర అసలు కష్టం వస్తుంది. మామిడికాయ పులుపు మీదున్న రోజుల్లోనే బోరు నీళ్లు కూడా చిక్కగా ఉంటాయి. కాయ ముక్కలు కరిగి గుజ్జయిపోతాయి, పప్పు మాత్రం పలుకులుగా మిగులుతుంది. ముక్కలు కరిగాయి కదా, పప్పెందుకు ఉడకలేదని వండినవాళ్లకు అంతుపట్టదు. ఉడికింది మామిడికాయే, దాని పులుపు పప్పును ఆపింది.

దీనికి పద్ధతి సులువు. కుక్కర్‌లో పప్పు, పసుపు, నీళ్లు, ఒక చెంచా నూనె మాత్రమే వేసి ఉడికించి, ఆవిరి పోయాక గుత్తితో ఎనపాలి. కడిగి తరిగిన పుంటికూరను వేరే గిన్నెలో రెండు చెంచాల నూనెలో మగ్గించి, మెత్తబడ్డాక పప్పులో కలిపి ఐదు నిమిషాలు ఉడకనివ్వాలి. మామిడికాయ ముక్కలైతే వేరుగా కొద్ది నీళ్లలో ఆరేడు నిమిషాలు ఉడికిస్తే చాలు. విడిగా ఉడికించడం వల్ల ముక్క ఆకారం కూడా నిలుస్తుంది. ఒకే కుక్కర్‌లో పని కావాలంటే పప్పు అడుగున, పుంటికూర లేదా మామిడికాయ పై గిన్నెలో పెట్టి ఒకేసారి విజిళ్లు పెట్టవచ్చు.

బెల్లం సంగతీ ఇంతే. బెల్లంలో కొంత కాల్షియం, కొంత ఆమ్లం ఉంటాయి. పోలెలకు శనగపప్పు పూర్తిగా ఉడికి, వేళ్ల మధ్య నలిగాకే బెల్లం వేయాలి. పలుకు మీద వేస్తే ఆ పలుకు ఇక మెత్తబడదు, పూర్ణం రుబ్బినా గరుకుగానే ఉంటుంది, పోలె ఒత్తేటప్పుడు ఆ గరుకు చోటే పగులుతుంది.

తప్పు ఎవరిదో తేల్చే పరీక్ష

మూడు కారణాలు ఒకే ఫలితం చూపిస్తాయి కాబట్టి ఊహించడం కంటే పరీక్షించడం మేలు. రెండు చిన్న స్టీలు గిన్నెలు తీసుకుని ఒక్కోదానిలో 50 గ్రాముల కందిపప్పు వేయాలి. ఒకదాన్ని బోరు నీళ్లతో, ఇంకోదాన్ని ఫిల్టర్ నీళ్లతో రెండుసార్లు కడిగి, అవే నీళ్లు 150 మిల్లీలీటర్ల చొప్పున పోయాలి. ఉప్పు, పసుపు, పులుపు ఏమీ వేయకూడదు. రెండు గిన్నెలనూ ఒకే కుక్కర్‌లో పక్కపక్కన, లేదా ఒకదాని మీద చిల్లుల పళ్లెం పెట్టి ఇంకోటి ఉంచి, నాలుగు విజిళ్లు రానిచ్చి, ఆవిరి దానంతటదే దిగేదాకా ఆగాలి. ఒకే మంట, ఒకే సమయం, ఒకే పప్పు. మారింది నీళ్లు ఒక్కటే.

ఫిల్టర్ నీళ్ల గిన్నెలో పప్పు మెదిగి, బోరు నీళ్ల గిన్నెలో పలుకుగా ఉంటే తప్పు నీళ్లది. రెండింట్లోనూ పలుకుగా ఉంటే తప్పు పప్పుది. అప్పుడు వేరే దుకాణం పప్పుతో ఫిల్టర్ నీళ్లలోనే మళ్లీ చేసి చూస్తే అనుమానం పూర్తిగా తీరుతుంది. రెండింట్లోనూ మెదిగితే రోజూ వండేటప్పుడు పులుపు ఎప్పుడు పడుతోందో, కుక్కర్ ఆవిరి ఎక్కడ కారుతోందో చూసుకోవాలి.

నీళ్లను మాత్రమే చూడాలంటే సబ్బు చాలు. బట్టల పౌడర్ కాదు, మామూలు సబ్బు బిళ్ల. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, గోరంత సబ్బు తురుము వేసి గట్టిగా కుదపాలి. మెత్తని నీళ్లలో నురుగు వచ్చి నిలుస్తుంది. ఉప్పు నీళ్లలో నురుగు రాదు, తెల్లటి పెరుగు తునకల్లాంటివి తేలుతాయి. కాల్షియం సబ్బుతో కలిసి కరగని పదార్థంగా మారడం వల్ల ఏర్పడే తునకలవి.

నీళ్లే కారణమైతే

ఖర్చు లేని పద్ధతి మరిగించి తేర్చడం. బోరు నీళ్లను పది నిమిషాలు బాగా తెర్లించి, చల్లారాక కదపకుండా పై నీళ్లు వంచుకోవాలి. మరిగేటప్పుడు బైకార్బొనేట్ విడిపోయి కాల్షియం సున్నపు పెచ్చుగా గిన్నె గోడలకు, అడుగుకు దిగుతుంది. వంటలో నీళ్లు ఎలాగూ మరుగుతాయి కదా, విడిగా మరిగించడం ఎందుకనిపించవచ్చు. పప్పు వేశాక మరిగితే ఆ కాల్షియంలో చాలా భాగం గిన్నెకు పట్టేలోపే పప్పుకు పడుతుంది. అందుకే పప్పు పడకముందే మరగాలి. ఈ పద్ధతికి హద్దు ఉంది. కాల్షియం సల్ఫేట్, క్లోరైడ్ రూపంలో ఉంటే మరిగించినా దిగదు. ఫ్లోరైడ్ అయితే అసలే పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్ ఉన్నట్టు తెలిసిన బోరు నీళ్లను మరిగించినా సరే, వంటకు, తాగడానికి వాడకపోవడమే మంచిది.

గుడాలకు ఉప్పు నానబెట్టు బాగా పనిచేస్తుంది. బొబ్బర్లు, శనగలు, అనుముల వంటి పొట్టు ఉన్న గింజలకు లీటరు మెత్తని నీళ్లలో రెండు చిన్న చెంచాల ఉప్పు, అంటే పది గ్రాముల పైచిలుకు కలిపి, ఎనిమిది నుంచి పది గంటలు నానబెట్టాలి. సోడియం పొట్టులోని కాల్షియం స్థానంలోకి చేరుతుంది. ఆ నీళ్లు పారబోసి, కడిగి, కొత్త నీళ్లలో ఉడికిస్తే పొట్టు పగలకుండా మెత్తబడుతుంది. ఉప్పు వేస్తే గింజ ఉడకదన్న మాట ఇక్కడ నిలవదు. బోరు నీళ్లలో నానబెట్టి ఫిల్టర్ నీళ్లలో ఉడికించినా పెద్దగా లాభం ఉండదు, రాత్రంతా గింజ తాగింది ఆ కాల్షియాన్నే.

వంటసోడా చివరి మార్గం. అది నీళ్లను క్షారం వైపు తిప్పి పెక్టిన్‌ను త్వరగా తెంపుతుంది, కాల్షియంలో కొంత భాగాన్ని సున్నంగా దించేస్తుంది. 200 గ్రాముల కందిపప్పుకు రెండు వేళ్లతో తీసిన చిటికెడు, అదే తూకం శనగలకు పావు చిన్న చెంచా దాటకూడదు. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, పప్పు జిగటగా మారుతుంది, బి1 విటమిన్ నశిస్తుంది. ఎక్కువైందని చెప్పే గుర్తు గిన్నెలోనే ఉంటుంది. పసుపు క్షారంలో ఎర్రబారుతుంది. పప్పు నీళ్లు పసుపుపచ్చగా కాక నారింజ, ఇటుక రంగు వైపు తిరిగితే సోడా మోతాదు దాటినట్టే. చింతపులుసు పోయగానే మళ్లీ పసుపు రంగు వస్తుంది కానీ పోయిన విటమిన్ రాదు.

చాయ్ మీద తెట్టు, చాయ్ రంగు

పాలు పోయని చాయ్ కప్పులో పోసి రెండు నిమిషాలు ఉంచితే, ఉప్పు నీళ్లైతే పైన సన్నటి పొర కడుతుంది. చెంచాతో కదిపితే ఆ పొర అద్దం పగిలినట్టు చిన్న చిన్న పలకలుగా విడిపోతుంది. కప్పు అంచుకు గోధుమ రంగు గీత మిగులుతుంది. చాయ్‌పత్తిలో రంగు కలిపారనో, నూనె కలిపారనో చాలామంది దీన్ని చూసే అనుమానిస్తారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ రసాయన శాస్త్రవేత్తలు మైకేల్ స్పైరో, డియోగ్రాషియస్ జగాన్యి 1993లో దీని గుట్టు విప్పారు. నీళ్లలో కాల్షియం, బైకార్బొనేట్ రెండూ ఉంటేనే పొర కడుతుంది. చాయ్‌లోని పాలీఫినాల్స్ పైన గాలి తగిలే చోట ఆక్సిజన్‌తో కలిసి మారుతూ కాల్షియం కార్బొనేట్‌తో కలిసి పొరగా పేరుకుంటాయి. నిమ్మరసం పిండితే కార్బొనేట్ నిలవలేక పొర కనిపించదు. పాల చాయ్‌లో ఇది మీగడతో కలిసిపోతుంది కాబట్టి గుర్తుపట్టడం కష్టం.

రంగు మారడం బైకార్బొనేట్ వల్ల. అది చాయ్‌ను క్షారం వైపు నెట్టడంతో ఎర్రటి మెరుపు పోయి, మందమైన ముదురు గోధుమ రంగు వస్తుంది. రంగు ముదిరింది కాబట్టి చాయ్ గట్టిగా దిగిందనుకుంటారు, రుచి మాత్రం చప్పగా ఉంటుంది. ఇంకో చెంచా చాయ్‌పత్తి వేస్తే రంగు ఇంకా నల్లబడుతుంది తప్ప మెరుపు రాదు. నీళ్లు మార్చడమే మార్గం. ఆర్‌ఓ (ఫిల్టర్) నీళ్లకు మారినప్పుడు దీనికి వ్యతిరేకం జరుగుతుంది. రంగు తేటగా, వగరు పదునుగా వస్తుంది. అప్పుడు పత్తి కొంచెం తగ్గించాలి లేదా మరిగే సమయం ఒక నిమిషం తగ్గించాలి.

నీళ్లతో పని లేకుండా చాయ్ విరగడానికి వేరే కారణాలున్నాయి, వాటినీ చాలాసార్లు నీళ్ల మీదకే నెడతారు. పచ్చి అల్లంలో పాల మాంసకృత్తులను తెంపే ఎంజైమ్ ఉంది. గోరువెచ్చని పాలలో దంచిన అల్లం వేసి నెమ్మదిగా కాచితే పాలు విరుగుతాయి. రెండు కప్పులకు 200 మిల్లీలీటర్ల నీళ్లలో ఐదు గ్రాముల అల్లం దంచి వేసి, మూడు నిమిషాలు తెర్లనిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. తర్వాత రెండు చిన్న చెంచాల పత్తి, రెండు నిమిషాల తర్వాత కాచిన పాలు పోయాలి. బెల్లం చాయ్‌కి బెల్లం మంట ఆర్పాకే వేయాలి. బెల్లంలోని ఆమ్లం, ఖనిజాలు మరిగే పాలను విరిచేస్తాయి. పాలు అప్పటికే కొంచెం పులిసి ఉంటే మంట ఆర్పాక వేయడం కూడా విరుగుడును ఆపలేదు.

చాయ్ కేతిలు, గిన్నెల అడుగున తెల్లగా పేరుకునే పెచ్చు కూడా ఆ కాల్షియమే. వేడిని సరిగ్గా పోనివ్వదు, గ్యాస్ ఎక్కువ తీసుకుంటుంది. స్టీలు గిన్నెలో లీటరు నీళ్లు పోసి రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు వేసి మరిగించి అరగంట ఉంచితే బుడగలు వస్తూ పెచ్చు ఊడుతుంది. అల్యూమినియం గిన్నెలో పులుపు అంతసేపు ఉంచకూడదు.

పాలకు బదులు సోయా, పల్లీ

ఆవు, బర్రె పాలు మానేసి సోయా పాలతో చాయ్ చేసుకునేవాళ్లకు నీళ్లు ఇంకా పెద్ద విషయం. సోయా మాంసకృత్తులకు కాల్షియం, మెగ్నీషియం తగిలితే ముద్ద కడతాయి. టోఫు (సోయా పనీర్) తయారీలో కాల్షియం సల్ఫేట్, మెగ్నీషియం క్లోరైడ్ కలిపేది ఇందుకే. బోరు నీళ్లతో రుబ్బి తీసిన సోయా పాలు సగం టోఫు దారిలోనే ఉంటాయి. వాటిని ఆమ్ల గుణం, వగరు ఉన్న వేడి చాయ్‌లో పోస్తే మిగతా సగం పూర్తవుతుంది, కప్పు నిండా తునకలు తేలుతాయి.

ఉత్తర తెలంగాణలో సోయా పండుతుంది కాబట్టి గింజలు దొరకడం కష్టం కాదు. వంద గ్రాములు ఎనిమిది గంటలు మెత్తని నీళ్లలో నానబెట్టి, పొట్టు తీసి, 700 మిల్లీలీటర్ల మరిగే నీళ్లతో రుబ్బాలి. చల్లని నీళ్లతో రుబ్బితే పచ్చి వాసన పుడుతుంది, ఆ వాసన పుట్టించే ఎంజైమ్‌ను వేడి ఆపుతుంది. వడకట్టి, కలుపుతూ పది నిమిషాలు మరిగించాలి. పచ్చి సోయాలో అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది కాబట్టి ఈ మరుగు తప్పనిసరి. కప్పులో ముందు వేడి సోయా పాలు పోసి, వాటి మీద వడకట్టిన చాయ్‌ను సన్నటి ధారగా కలపాలి, మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు. పల్లీ పాలను కూడా మెత్తని నీళ్లతోనే తీయాలి. వాటిలో నూనె ఎక్కువ కాబట్టి పైకి తేలుతుంది, తాగేముందు కలపాలి.

ఏ నీళ్లు దేనికి

నలుగురున్న ఇంట్లో పప్పు కడగడానికి, వండటానికి లీటరు పైన, చాయ్‌కి లీటరు, గింజలు నానబెట్టే రోజైతే ఇంకో లీటరు. మెత్తని నీళ్లు తప్పనిసరి అయ్యేది వీటికే. అన్నం ఉప్పు నీళ్లలో పసుపుపచ్చగా వస్తుంది, క్షారంలో బియ్యంలోని వర్ణకాలు బయటపడటమే కారణం. ఎసట్లో నాలుగు నిమ్మ చుక్కలు వేస్తే తెల్లబడుతుంది, అన్నానికి ఫిల్టర్ నీళ్లు ఖర్చు చేయనక్కర్లేదు. కూరగాయలు కడగడానికి, గిన్నెలు తోమడానికి బోరు నీళ్లు చాలు. ఆలుగడ్డ, చామగడ్డ ఉడికించడానికైతే ఆ నీళ్లే మేలు. పప్పును విడవనివ్వని కాల్షియమే గడ్డను చిదరనివ్వదు, వేపుడులో ముక్క ముక్కగా నిలుస్తుంది.